అందరూ ఉన్న యాప్‌లో లేని ఒక్కడు

మొన్న ఆదివారం జగిత్యాలలో ఫోన్ మార్చాను. పాతదానికి ఛార్జింగ్ నిలవక తల ప్రాణం తోకకొస్తోంది. టవర్ దగ్గర ఒక దుకాణంలో కొత్తది కొని, పాతదాంట్లో ఉన్నవన్నీ ఇందులోకి ఎక్కించమన్నాను. దుకాణాయన రెండు ఫోన్లనూ పక్కపక్కన పెట్టుకుని ఒక్కొక్కటే అడుగుతూ పోయాడు. ఫొటోలు? ఎక్కించు. నంబర్లు? ఎక్కించు. పచ్చ యాప్? అది వేరే అడగాలా, నేను పాఠాలు చెప్పే బడిలో హెడ్మాస్టరు తుమ్మినా దగ్గినా అందులోనే. అట్లా పోతూ పోతూ ఒకచోట ఆయన వేలు ఆగింది.

"మేడం, గీ నీలంది గూడ ఎక్కియ్యాల్నా? గిండ్ల ఒక్కటే నంబరున్నది. దాంతోని మాట్లాడక గూడ చానా రోజులైనట్టున్నది."

"ఉండనియ్."

"గల్ఫుల ఉన్నోళ్ల కోసం ఏసుకుంటరు దీన్ని. మీ సారు ఆడున్నడా?"

"లేడు. ఆ నంబరాయన ఇంటికే వచ్చేసిండు."

"మరింకెందుకు మేడం, జాగ దండుగ."

నాకు కోపం తొందర. "జాగ నీదా, నాదా?" అన్నాను. పాపం, ఆయన తప్పేముంది. నీలం యాప్ ఎక్కించి ఇచ్చాడు. సిరిసిల్ల బస్సెక్కి కూర్చున్నాక కళ్లల్లో నీళ్లు తిరిగాయి. ఆ నీలం యాప్ నా ఫోన్లోకి నా కోసం రాలేదు. మా సాంచల మామ కోసం వచ్చింది. మామ పోయి ఇంకా ఏడాది కాలేదు.

సిరిసిల్లలో మరమగ్గాన్ని సాంచ అంటాం. మామ బతుకంతా సాంచల షెడ్డులోనే గడిచింది కాబట్టి మా గల్లీలో పిల్లాపెద్దా అందరికీ ఆయన సాంచల మామే. ఆయన అసలు పేరు ఇక్కడ రాయను. రాసినా లాభం లేదు, పేరు పెట్టి పిలిస్తే ఆయనకు వినపడేది కాదు. ఆ చప్పుడులో అన్నేళ్లు నిలబడి పనిచేస్తే ఎవరి చెవులైనా అంతే. చెవిలో పెట్టుకునే మిషను ఇప్పించారు. రెండు రోజులు పెట్టుకుని తీసి గూట్లో పారేశాడు. "దీంట్లకెళ్లి గూడ సాంచల సప్పుడే వస్తున్నది" అన్నాడు. ఎవరైనా జాలిపడితే, "చెవులు ఆసామికిచ్చిన. కండ్లు నాయే" అనేవాడు. ఆసామి అంటే షెడ్డు యజమాని.

షెడ్డులో ఎవరూ నోటితో మాట్లాడరు. పక్కవాడి చెవిలో అరిచినా వినపడదు. అందుకే వాళ్లకు చేతుల మాట ఉంటుంది. బొటనవేలూ చూపుడువేలూ రాసి టప్పున విడదీస్తే పోగు తెగింది అని. వేలు గిరగిర తిప్పితే కండె అయిపోయింది, నూలు చుట్టిన కొత్త కండె కావాలి అని. పిడికిలి గుండెకేసి లాక్కుంటే సాంచ బంద్ చెయ్ అని. మీసం మెలేస్తే ఆసామి వస్తున్నాడు అని. ఆ మెలేసిన మీసాన్నే కిందికి జార్చి ఇంకేదో కూడా అనేవారు. అదేంటని చిన్నప్పుడు అడిగితే మామ నెత్తిన ఒకటి మొట్టాడు.

వీటన్నిట్లో నాకు బాగా గుర్తున్నది ఒకటుంది. ఒక్కొక్కరూ నాలుగైదు సాంచలు చూసుకోవాలి. నీళ్లు తాగడానికి పోవాలన్నా వదిలి పోయే వీల్లేదు, పోగు తెగితే బట్ట పాడవుతుంది. అప్పుడు పక్కవాడి వైపు చూడాలి. పక్కవాడు తన గుండె మీద అరచేత్తో రెండుసార్లు తట్టుకుని, చెయ్యి బయటికి ఊపుతాడు. నువ్వు పో, నీ సాంచలు నేను చూస్త అని దానర్థం.

మామకు ఇల్లూ షెడ్డూ తేడా లేదు. ఆదివారం నేను జగిత్యాల నుంచి అమ్మను చూడ్డానికి వస్తే, గల్లీ మొదట్లో బస్సు దిగిన నన్ను తన గడపలోంచే పలకరించేవాడు. బొటనవేలు పెదాలకు ఆనిస్తే చాయ్ తాగుతావా. మణికట్టు మీద కొట్టుకుంటే మళ్లీ ఎప్పుడు పోతావు. నేను చేతులతో తప్పుగా ఏదో చెబితే కడుపు పట్టుకుని నవ్వేవాడు. "కోడలా, నీకు బర్రె కావాల్నా?" అనేవాడు. నోరు తెరిచాడంటే మాత్రం ఎంత రహస్యమైనా బస్టాండు దాకా వినిపించేది.

ఫోన్ అంటే మామకు చెవికి పెట్టుకునేది కాదు, చూసేది. మామూలు ఫోన్ వస్తే ఎత్తి, ముందుకీ వెనక్కీ తిప్పి మొహం కోసం వెతికేవాడు. మొహం లేకపోతే, అవతల ఎవరున్నా సరే, "నేను మంచిగున్న, పెట్టెయ్" అని పెట్టేసేవాడు. కరెంటాఫీసు వాళ్లకూ అదే జవాబు, రాంగు నంబరు వాళ్లకూ అదే జవాబు. "మొకం లేని మాట నాకొద్దు" అనేవాడు.

ఆయన చూడాలనుకున్న మొహం ఒక్కటే. ఆయన జోడీదారుది. షెడ్డులో పక్కపక్క సాంచల మీద పనిచేసినవాడు, రుద్రంగి నుంచి బతకడానికి వచ్చి మా గల్లీలోనే ఇల్లు కట్టుకున్నాడు. మామను బావా అని పిలిచేవాడు. సాంచల పని మందగించాక దుబాయికి పోయాడు. మా దగ్గర గల్ఫులో ఏ దేశానికి పోయినా దుబాయే అంటాం. ఆయన పోయే రోజు నేను కూడా బస్టాండులో ఉన్నాను. బస్సు ఇంజను రొదలో అందరూ ఏదేదో అరుస్తున్నారు, ఎవరి మాటా ఎవరికీ అందడం లేదు. మామ మాత్రం ఏమీ అరవలేదు. కిటికీలో ఉన్నవాడి వైపు చూసి గుండె మీద రెండుసార్లు తట్టుకుని చెయ్యి ఊపాడు. కిటికీలో ఆయన తల దించుకున్నాడు.

అప్పటి నుంచి ప్రతి ఆదివారం మామ ఇంట్లో అదో తతంగం. పొద్దున్నే గడ్డం గీసుకుని, తల దువ్వుకుని, చొక్కా గుండీలు మెడ దాకా పెట్టుకుని కూర్చునేవాడు. ఫోన్‌ను బియ్యం డబ్బాకు ఆనించి నిలబెట్టేవాడు. ఆ దేశంలో పచ్చ యాప్‌లో రాసింది పోతుంది, రికార్డు చేసిన మాట పోతుంది, కానీ ఎదురెదురుగా మొహం చూస్తూ మాట్లాడేది కలవదు. నీలం యాప్‌లో కలుస్తుంది. అందుకని వాళ్లిద్దరికీ నీలమే. తెర మీద జోడీదారు కనిపించేవాడు. వెనకాల మీద ఒకటి కింద ఒకటి మంచాలు, ఆరేసిన బట్టలు, వంట చేసుకునేవాళ్లు. ఆ గదిలో అంత మంది ఉన్నా, ఈ ఇంట్లో మేమున్నా, ఇద్దరికీ నోరు అక్కర్లేదు. నాలుగు చేతులు అట్లా ఆడుతూనే ఉండేవి. ఉత్త చూపుకే నాకు అలుపొచ్చేది.

"అంత సేపు ఏం చెప్పుకుంటరు మామా?" అని పెదాలు కనపడేలా అడిగితే, "షెడ్డు ముచ్చట్లు" అనేవాడు.

ఆ సమయానికి జోడీదారు పెళ్లాం కూడా వచ్చేది. నేను చిన్నమ్మా అని పిలుస్తాను. మామ ఆమెను చెల్లె అంటాడు. బీడీల చేట ఒళ్లో పెట్టుకుని గడపలో, ఫోన్‌కు కనపడకుండా ఒక పక్కకు కూర్చుని ఆకు చుడుతూ ఉండేది. మొగుడితో ఆమె మాటలు వేరే, ఆమెకున్న బటన్ల ఫోన్లో. బాగున్న, తిన్న, పిల్లలు బడికి పోతున్నరా, అంతే. ఇంకో మాట అడిగేలోపు పెట్టేసేవాడట. ఇక్కడ చేతుల భాగవతం అయిపోయాక మామ ఆమె వైపు తిరిగి, "మంచిగున్నడట చెల్లె, నిన్ను అడిగిండు" అని గట్టిగా చెప్పేవాడు. ఆమె తల ఊపి, చేట ఎత్తుకుని పోయేది.

అంతా బాగానే నడుస్తుండగా ఒకరోజు మామ ఫోన్ నీళ్ల గోలెంలో పడింది. ఎవరో చెప్పారని బియ్యం డబ్బాలో పూడ్చిపెట్టాడు. రోజూ పొద్దున తవ్వి చూసి మళ్లీ పూడ్చాడు. అది లేవలేదు. విషయం తెలిసి కోరుట్ల నుంచి ఆయన బిడ్డ వచ్చింది. ఒక్కతే బిడ్డ. తల్లి ఎప్పుడో పోయింది. కోరుట్లలో ఒక ప్రైవేటు ఆసుపత్రిలో చీటీలు రాసే దగ్గర కూర్చుంటుంది. తండ్రి అంటే ప్రాణం, తండ్రి మీద పెత్తనం కూడా అంతే. తను వాడుకున్న ఫోన్ తెచ్చింది. వెనకాల పండు బొమ్మ ఉంటుందే, అది. తను ఇంకో పండు ఫోన్ కొనుక్కుంది.

ఆదివారం కాబట్టి నేనూ అక్కడే ఉన్నాను, చిన్నమ్మ కూడా గడపలో ఉంది. బిడ్డ ఫోన్ తెరిచి, పెదాలు తిప్పి తిప్పి, తండ్రికి అర్థమయ్యేలా చెప్పడం మొదలుపెట్టింది.

"బాపూ, దీంట్లనే మొకం సూసుకుంట మాట్లాడేది ఉన్నది. వేరే ఏది ఏసే పనే లేదు. ఇగో, గిక్కడ ఒత్తితే నేను అస్త."

"వానికి?"

"పండు ఫోన్ నుంచి పండు ఫోన్‌కే పోతది."

"వానికి పండు ఫోన్ లేదు."

"సరే, పచ్చది ఏస్త. లోకమంత గండ్లనే ఉన్నరు. నువ్వు దేశంల ఏ ఫోన్‌కన్న మాట్లాడొచ్చు."

"వాడున్న తాన పచ్చదాంట్ల మొకం రాదు."

"రాకపోతే ఏంది, మాట రికార్డు చేసి పంపుతడు."

మామ తన చెవి పట్టుకుని చూపించాడు.

"రాసి పంపుమను."

"మేమిద్దరం సంతకం పెట్టేదాక సదివినం. నీలంది ఏసియ్యి బిడ్డా."

నీలం అనగానే ఆమె మొహం కందగడ్డయింది. ఆమె భయం ఊరికే వచ్చింది కాదు. ఆమెతో పనిచేసే అమ్మాయి మామగారికి అట్లాంటి యాప్‌లోనే ఎవరో ముక్కూమొహం తెలియని ఆడది కనిపించి, బట్టలు లేకుండా నిలబడి, ఈయన మొహాన్ని పక్కనే కలిపి రికార్డు చేసి, అందరికీ పంపుతానని బెదిరించిందట. ఆ పెద్దాయన పరువు పోయిందని పురుగుల మందు తాగబోయాడు. ఇదంతా చెప్పి బిడ్డ తండ్రి చెయ్యి పట్టుకుంది.

"నువ్వు ఒక్కనివే ఉంటవు బాపూ. ఎవరు చేసినా ఎత్తుతవు. నేనాడ కోరుట్లల కూసోని ఏం చెయ్యాలె? అందరు ఉన్నదాంట్లనే ఉండు."

"అందరు నాకెందుకే? నాకు ఒక్కడు కావాలె."

"గా ఒక్కనితోని అంత ముచ్చట ఏమున్నది? గది చెప్పు. చెప్తే ఇప్పుడే ఏస్త."

మామ నోరు తెరిచాడు. గడప వైపు చూశాడు. చిన్నమ్మ తల ఎత్తకుండా ఆకు కత్తిరిస్తోంది. మామ నోరు మూసుకున్నాడు.

"ఏం లేదు తీ" అన్నాడు.

నేను దాన్ని మొండితనమే అనుకున్నాను. ముసలితనం వస్తే ఇట్లాగే పట్టుబడతారులే అని నవ్వుకున్నాను కూడా. బిడ్డ పచ్చది వేసింది. తన ప్రమేయం లేకుండా వేరే ఏదీ ఎక్కకుండా ఆ ఫోన్‌కు తాళం పెట్టి, తండ్రికి అన్నం పెట్టి, సాయంత్రం బస్సుకు పోయింది.

ఆ తర్వాత మామ ఫోన్ నిండా పూల బొమ్మలు. గుడ్ మార్నింగులు, శుభోదయాలు, గల్లీ గ్రూపులో పోయిన మేక ఫొటో. వాటి మధ్యలో జోడీదారు పంపిన మాటలు కూడా ఉండేవి. మామ దాన్ని ఒత్తి, అక్కడ గీతలు కదులుతుంటే కళ్లప్పగించి చూసేవాడు. నేను రాగానే ఫోన్ నా చేతిలో పెట్టేవాడు.

"ఏమంటున్నడు కోడలా?"

నేను విని, "బాగున్న అంటున్నడు మామా. నువ్వెట్లున్నవని అడుగుతున్నడు" అని సైగ చేసేదాన్ని.

"అంతేనా?"

"అంతే."

"నోటితోని అట్లనే అంటడు వాడు" అనేవాడు. అట్లా అని తన చేతులు చూసుకునేవాడు.

"చేతులతోనే మాట్లాడి, రికార్డు చేసి పంపుమను మామా. పచ్చదాంట్ల అది పోతది" అని ఒకసారి ఉపాయం చెప్పాను. మామ తల అడ్డంగా ఊపాడు. "రికార్డు చేస్తే ఉండిపోతది. ఉంటే ఎవలన్న సూస్తరు. చేతుల మాట గాలిల పోవాలె" అన్నాడు. అంత దాచాల్సింది ఏముందో నాకు తట్టలేదు. ఆదివారం గడ్డం గీసుకోవడం మానేశాడు. చేతులు తొడల కింద పెట్టుకుని గోడకానుకుని కూర్చునేవాడు. ఒక ఆదివారం నేను గల్లీలోకి వస్తే చాయ్ తాగుతావా అని కూడా అడగలేదు. అప్పుడు నాకు భయం వేసింది.

ఆ ఆదివారమే మధ్యాహ్నం, అమ్మ పడుకున్నాక చిన్నమ్మ మా ఇంటికి వచ్చింది. చేట లేదు. ఆమెను చేట లేకుండా చూసి ఎన్నాళ్లయిందో.

"బిడ్డా, నీ ఫోన్ల నీలంది ఏస్తవా?"

"ఎందుకు చిన్నమ్మా? నీకు మాట్లాడాలని ఉన్నదా?"

"నాకు కాదు. మీ మామ మాట్లాడాలె. నేను సూడాలె."

నాకు అర్థం కాలేదు. ఆమె గోడకు చేరగిలబడి చెప్పింది.

"పెండ్లికి ముందు నేను గా షెడ్డులనే కండెలు చుట్టిన. గంపల ఏసుకొని సాంచ సాంచకు తిరిగి అందిచ్చిన. కండెలు తెచ్చే పిల్లను ఎవడు సూస్తడు? సాంచలు నడిపే మొగోళ్ల మాట మొగోళ్లకే తెలుస్తదని వాళ్ల లెక్క. నేను వాళ్ల చేతులు సూసుకుంటనే పెరిగిన. అన్ని తెలుసు నాకు."

"అన్నీ అంటే, మామ చెప్పేవన్నీ?"

"మీ మామ చెప్పేటియి, మా ఆయన చెప్పేటియి. ఆయనకు నడుముల నొప్పట. కాళ్లు ఉబ్బుతున్నయట. ఒంటికి పోతె ఎర్రగ అస్తున్నదట. ఎండల పని, నీళ్లు లేవు. డాక్టరు ఇంటికి పొమ్మన్నడట. ఒప్పుకున్న కాలం నిండేదాక ఉంట, ఇంట్ల చెప్పకు బావా అన్నడు. మీ మామ నాకు చెప్పలే. మంచిగున్నడట చెల్లె అని నా మొకం మీదనే చెప్పె."

అన్ని ఆదివారాలు నేను షెడ్డు ముచ్చట్లు అనుకుని చూసి నవ్విన చేతులు అవే.

"మరి నువ్వు ఒక్కసారన్నా అడగకపోతివి చిన్నమ్మా?"

"ఎట్లడుగుత? నాకు తెలిసిందని తెలిస్తే చేతులు గూడ దాసిపెడ్తడు. నోటి మాట నమ్మేటట్టు లేదు, చేతులు దాస్తే ఇగ నాకేం తెలుస్తది? అందుకే సప్పుడుజెయ్యక ఆకు చుట్టుకుంట కూసున్న." కొంగుతో మొహం తుడుచుకుంది. "గిప్పుడు గది గూడ లేదు. బతికున్నడో ఎట్లున్నడో సూసే దారి లేదు. పచ్చదాంట్ల అందరున్నరట. నేనేం చేసుకోను అందర్ని?"

ఇదే మాట మామ నోట విన్నప్పుడు నేను నవ్వాను. ఈసారి నవ్వు రాలేదు. నీలం యాప్ వేశాను. చిన్నమ్మ జాకెట్టులోంచి బటన్ల ఫోన్ తీసి మొగుడి నంబరు చూపించింది. ఆ నీలంలో నాకున్న ఏకైక నంబరు అదే.

ఇద్దరం మామ ఇంటికి పోయాం. ఫోన్లో నీలం బొమ్మ చూపించగానే మామ లేచి నిలబడ్డాడు. పెరిగిన గడ్డం తడుముకుని, ఇంతలో గీసుకోలేనని అనుకున్నాడేమో, చొక్కా గుండీలు మాత్రం మెడ దాకా పెట్టుకున్నాడు. బియ్యం డబ్బా ముందుకు జరిపాడు. చిన్నమ్మ ఇంటికి ఉరికి చేట తెచ్చుకుని గడపలో తన చోట కూర్చుంది.

అవతల ఎత్తగానే నేను గుర్తుపట్టలేదు. మొహం అంత ఉబ్బింది. కళ్లు గీతల్లా అయిపోయాయి. మామను చూసి ఆయన నవ్వబోయాడు. ఇద్దరి చేతులూ ఒక్కసారే లేచాయి. ఇన్నాళ్ల మాటలు ఆగిపోయి ఉన్నాయి కదా, ఒకరి మీద ఒకరు పడుతూ మాట్లాడారు. నాకు తెలిసింది ఒక్కటే. జోడీదారు వేళ్లు నడుము దగ్గర పెట్టి టప్పున విడదీశాడు. పోగు తెగింది. మళ్లీ విడదీశాడు. మళ్లీ. నేను గడప వైపు చూశాను. చిన్నమ్మ చేతిలో ఆకు కదలడం లేదు.

జోడీదారు పెదాల మీద వేలు పెట్టుకుని, ఇంటి వైపు అన్నట్టు చెయ్యి చూపించాడు. ఇంట్లో చెప్పకు. మామ తల దించుకున్నాడు.

అప్పుడు చిన్నమ్మ చేట పక్కన పెట్టింది. ఒళ్లో ఉన్న ఆకు ముక్కలు రాలుతుండగా లేచి వచ్చి, మామ వెనకాల, ఫోన్‌కు ఎదురుగా నిలబడింది. పిడికిలి బిగించి గుండెకేసి లాక్కుంది. సాంచ బంద్ చెయ్.

మామ ఆమెను చూడలేదు. తెర మీద జోడీదారు కళ్లు చూసి, ఆ కళ్లు ఎటు చూస్తున్నాయో చూసి, అప్పుడు వెనక్కి తిరిగాడు. ఆమె మళ్లీ లాగింది. జోడీదారు అరచెయ్యి వచ్చి తెర మొత్తం మూసేసింది. ఫోన్లో చీకటి. కట్ అయిందనుకున్నాను. ఆ చీకటి వెనక ఎవరో వంటపాత్ర కడుగుతున్న చప్పుడు మాత్రం వినిపిస్తోంది.

చెయ్యి తీసేసరికి ఆయన మొహమంతా తడి. ఎప్పటి నుంచి, అన్నట్టు చెయ్యి తిప్పాడు. చిన్నమ్మ వేలు గిరగిర తిప్పి, చంకలో గంప పట్టుకున్నట్టు చెయ్యి వంచింది. కండెలు అందించిన నాటి నుంచి. మామ నెత్తి మీద చెయ్యి పెట్టుకున్నాడు. ఆ కాలంలో ఆ షెడ్డులో ఆ పిల్ల ముందు తాము చేతులతో మాట్లాడుకున్న మాటలు ఎట్లాంటివో గుర్తొచ్చి ఉంటాయి. "అయ్యో చెల్లె" అని బస్టాండు దాకా వినపడేలా అన్నాడు. ముగ్గురూ ఏడ్చారు, ఏడుస్తూ నవ్వారు. నేను మాత్రం ఉత్త ఏడుపే.

ఆ సాయంత్రం మామ నా ఫోన్‌తోనే కోరుట్లకు మాట్లాడించి, బిడ్డకు జరిగింది చెప్పమన్నాడు. ఆమె అంతా వింది. "గప్పుడే చెప్తే అయిపోవు గదా" అన్నది చివరికి. "చెప్పనని మాటిచ్చిండు వదినె, అందుకే చెప్పలే" అన్నాను. మరుసటి ఆదివారం వచ్చి తనే నీలంది వేసి, తెలియని వాళ్లెవరూ రాకుండా ఏవో మూసి పెట్టింది. తండ్రి గడ్డం కూడా తనే గీసింది.

జోడీదారును రప్పించడానికి చాలా తిప్పలు పడ్డాం. వానలు మొదలయ్యాక వచ్చాడు. మనిషి వచ్చాడు గానీ మూత్రపిండాలు అక్కడే వదిలేసి వచ్చాడు. ఇప్పుడు వారంలో సగం రోజులు రక్తం శుభ్రం చేయించుకోవడానికి ఆసుపత్రికే. నడుమ మాటలు ఆగిపోయిన ఆ వారాల్లోనే పాడయ్యాయా, ముందే వస్తే దక్కేవా అని డాక్టరును అడగాలని చాలాసార్లు అనుకున్నాను. అడగలేదు. జవాబు వింటే మోసుకోవాల్సింది కోరుట్లలో ఉన్న ఆ పిల్ల. తండ్రిని కాపాడుకోబోయింది, అంతే కదా.

మామా జోడీదారూ గడపలో పక్కపక్కన కూర్చునేవారు. ఎదురెదురుగా కూర్చుంటేనే కదా చేతులు కనపడేది, ఇట్లా కూర్చుంటే ఏం మాట్లాడతారు అని అడిగాను. "ఇప్పుడు మాట్లాడేది ఏమున్నది, వాడు ఈడనే ఉన్నడు" అన్నాడు మామ.

అందరం జోడీదారు కోసం భయపడుతూ ఉంటే, ఏ రోగం లేని మామ ఒక చలికాలం పొద్దున చాయ్ గ్లాసు చేతిలో ఉండగానే ఒరిగిపోయాడు.

గల్లీ అంతా నిండిపోయింది. బిడ్డ తడిబట్టలతో నిప్పుకుండ పట్టుకుని ముందు నిలబడింది. పాడె ఎత్తే వేళ జోడీదారు భుజం పట్టబోతే నలుగురూ ఆపారు. ఆయన చేతికి ఆసుపత్రిలో సూదులు గుచ్చిన చోట కట్టు ఉంది, నిలబడితేనే ఊగుతున్నాడు. పక్కకు జరిగి గోడ దగ్గర నిలుచున్నాడు. డప్పులు మొదలయ్యాయి. ఆ మోతలో ఎవరు ఏడుస్తున్నారో, ఎవరు ఎవరిని పిలుస్తున్నారో ఏమీ వినపడలేదు. అందరి నోళ్లూ తెరుచుకుని మూసుకుంటున్నాయి, అంతే.

పాడె తన ముందు నుంచి పోతుంటే జోడీదారు చెయ్యి లేచింది. కట్టున్న చేత్తోనే గుండె మీద రెండుసార్లు తట్టుకుని, బయటికి ఊపాడు. నువ్వు పో, నీ సాంచలు నేను చూస్త. ముందు నడుస్తున్న ఆ బిడ్డ వైపు ఆయన కళ్లు పోయాయి.

చిన్నమ్మ ఆయన వెనకాలే ఉంది. ఊగుతున్న మొగుడి వీపును చూస్తూ నిలబడింది. ఆ మోతలో, ఎవరూ చూడడం లేదనుకుని, ఆమె కూడా తన గుండె మీద అరచేత్తో రెండుసార్లు తట్టుకుంది. పో అన్నట్టు చెయ్యి మాత్రం బయటికి ఊపలేదు. ముడిచి కొంగులో దాచుకుంది.

ఆయన వెనక్కి తిరగలేదు.